నాన్నగారు కొడుతున్నారని ఏ హోమూ ఉంచుకోవడం లేదు: ముందు ఏం చేయాలి, ఎలాంటి చోటు వెతకాలి

మీరు రాసిన దాంట్లోంచి నాకు అర్థమైనది ఇది. నాన్నగారికి 78 ఏళ్లు, ఆల్జీమర్స్ అని తేలి ఏడేళ్లు దాటింది. మాటలు చాలావరకు పోయాయి, మనుషుల్ని గుర్తుపట్టడం లేదు. స్నానం చేయించబోయినా, డైపర్ మార్చబోయినా కొడుతున్నారు, రక్కుతున్నారు. గత మూడు వారాలుగా అది బాగా ఎక్కువైంది, రాత్రిళ్లు కూడా అరుపులు, తోసేయడం మొదలయ్యాయి. ఒక హోమ్‌లో చేర్చితే వారం తిరక్కుండానే తీసుకెళ్లమన్నారు. మరో రెండు చోట్ల కొట్టేవాళ్లని తీసుకోమని ఫోన్‌లోనే చెప్పేశారు. అమ్మగారి చేతుల మీద కమిలిన మచ్చలున్నా ఎవరికీ చెప్పొద్దంటున్నారు. ఇలాంటి మనిషిని ఉంచుకునే చోటు ఎక్కడైనా ఉంటుందా, మత్తు మందు ఇవ్వడం తప్పా అని అడిగారు.

నేను వృద్ధుల మానసిక వైద్య వార్డులో నర్సుగా, ఆ తర్వాత డిమెన్షియా ఉన్నవాళ్ల కోసమే నడిచే ఒక హోమ్‌లో నర్సింగ్ ఇన్‌ఛార్జ్‌గా చాలా ఏళ్లు పనిచేశాను. ఎవరిని చేర్చుకోవాలి, ఎవరిని వద్దనాలి అన్న నిర్ణయాల్లో నేనూ ఉండేదాన్ని. కాబట్టి హోమ్ నడిపేవాళ్లు ఏం ఆలోచిస్తారో కూడా చెప్పగలను.

చోటు దొరుకుతుంది. అయితే మీరు వెతుకుతున్న వరుస మారాలి. ముందు చోటు చూసుకుంటే కొట్టడం సంగతి వాళ్లే చూసుకుంటారని మీరు అనుకుంటున్నారు. దాన్ని తిరగేయండి. ఈ మూడు వారాల్లో ఎందుకు పెరిగిందో మొదట డాక్టర్ చేత తేల్పించండి. ఆయన ఏ సమయంలో, ఏ పని చేయబోతే కొడుతున్నారో రాసి పెట్టుకోండి. ఆ కాగితం పట్టుకుని చోటు వెతకండి. అది చదివి "ఇలాంటప్పుడు మేం ఇలా చేస్తాం" అని వివరంగా చెప్పగలిగినవాళ్లు మీకు కావాలి. "ఎలాంటివాళ్లనైనా తీసుకుంటాం, మీరేం దిగులు పడకండి" అనే చోటంటే నాకు భయం. అలాంటి చోట సాధారణంగా జరిగేది మంచానికి కట్టేయడమో, మందు పెంచేయడమో.

వీటన్నిటికంటే ముందు అమ్మగారి సంగతి. ఇవాళ్టి నుంచి ఆవిడ ఒక్కరే స్నానం, డైపర్ పనులు చేయకూడదు. మీరో, ఇంకెవరో పక్కన ఉండాలి. ఆవిడ పడక వేరే గదిలోకి మార్చండి, ఆ గదికి లోపలి గడియ ఉండాలి. ఫోన్ ఎప్పుడూ ఆవిడ ఒంటి మీదే ఉండాలి. పదునైనవి, బరువైనవి, విసరగలిగినవి ఆయన చేతికి అందే చోట నుంచి తీసేయండి. ఆయన గోళ్లు పొట్టిగా ఉంచండి. ఆయన చెయ్యెత్తితే పట్టుకుని ఆపాలని చూడొద్దు, అడ్డంగా నిలబడొద్దు. రెండడుగులు వెనక్కి వేసి గదిలోంచి వచ్చేయాలి. ఆయనకి దెబ్బ తగలకుండా ఉందా అని దూరం నుంచి చూస్తే చాలు. పది నిమిషాల తర్వాత అదే పని మళ్లీ మొదలుపెట్టినా ఆయనకి ఇందాకటి గొడవ గుర్తుండదు. చేతిలో ప్రమాదకరమైన వస్తువు ఉన్నా, ఎవరికైనా తలకి దెబ్బ తగిలినా, ఎంతసేపటికీ శాంతించకపోయినా మొహమాటపడకుండా అత్యవసర సహాయానికి ఫోన్ చేయండి. ఫోన్‌లో మొట్టమొదట "డిమెన్షియా పేషెంట్" అని చెప్పండి. వచ్చేవాళ్లు ఆయన్ని నేరస్తుడిలా కాకుండా రోగిలా చూడటానికి ఆ ఒక్క మాట పనికొస్తుంది.

ఇక ఆ మూడు వారాల విషయం. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ ఆపేసింది ఇదే. డిమెన్షియా నెలలు, సంవత్సరాల మీద ముదిరే జబ్బు. రోజుల్లో, వారాల్లో మనిషి మారిపోయాడంటే దాని మీద ఇంకేదో వచ్చి చేరిందని మొదట అనుమానించాలి. అలా హఠాత్తుగా వచ్చే అయోమయాన్ని డెలీరియం అంటారు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, న్యుమోనియా, ఒంట్లో నీరు తగ్గిపోవడం, సోడియం తగ్గడం, షుగర్ పడిపోవడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, ఎప్పుడో కిందపడితే పుర్రె లోపల నెమ్మదిగా చేరిన రక్తం, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. వయసు మీద పడినవాళ్లకి ఇన్‌ఫెక్షన్ ఉన్నా జ్వరం రాకపోవచ్చు, మంట అని చెప్పలేకపోవచ్చు. కాబట్టి "జ్వరం లేదు కదా" అని ఊరుకోవద్దు. అలాగని మూత్ర పరీక్షలో కాస్త బ్యాక్టీరియా కనిపించగానే కారణం దొరికిందని తృప్తిపడొద్దు. ఈ వయసులో ఏ ఇబ్బందీ లేకుండానే చాలామందికి అది కనిపిస్తుంది. మొత్తం ఒంటిని చూడమని అడగండి.

నేను వార్డులో ఎక్కువగా చూసిన కారణాలు మాత్రం చాలా మామూలువి. మలబద్ధకం ఒకటి. మలం గట్టిపడి అడ్డుపడితే పక్కలనుంచి నీళ్లలా కారుతుంది, ఇంట్లోవాళ్లు విరేచనాలనుకుంటారు, ఆయన లోపల నొప్పితో అల్లాడుతుంటారు. రెండోది మూత్రం నిలిచిపోవడం. మగవాళ్లలో ప్రోస్టేట్ పెరిగి మూత్రాశయం నిండిపోయినా డైపర్ కొద్దిగా తడుస్తూనే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. స్కాన్‌తో ఇట్టే తెలుస్తుంది. ఆ తర్వాత పిప్పి పన్ను, నోట్లో పుండు, సరిపడని కట్టుడు పళ్లు, చెవిలో గట్టిపడ్డ గుబిలి, మోకాలి కీలు, భుజం కీలు, పిరుదుల దగ్గర మొదలైన పుండు, కాలి గోరు లోపలికి పెరగడం.

మాట పోయిన మనిషికి నొప్పి ఉందో లేదో ఎలా తెలుస్తుందని అడుగుతారు. అడిగితే తెలియదు, చూస్తే తెలుస్తుంది. ఊపిరి తీసే తీరు, మూలుగు, మొహం ముడుచుకోవడం, ఒళ్లు బిగబట్టడం, ఎంత ఊరడించినా ఊరడిల్లకపోవడం, ఈ అయిదింటినీ చూసి లెక్కగట్టే ఒక స్కేలు నర్సులు వాడతారు. దాని పేరు పెయినాడ్. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒకసారి, పక్క తిప్పుతున్నప్పుడో చెయ్యి ఎత్తుతున్నప్పుడో మరోసారి చూడాలి. పడుకున్నప్పుడు హాయిగా ఉండి, చొక్కా తీయడానికి చెయ్యి ఎత్తగానే కొడుతుంటే ముందు ఆ భుజాన్ని అనుమానించండి. నార్వేలో 18 నర్సింగ్ హోముల్లో, డిమెన్షియా ముదిరి అలజడిగా ఉన్న 352 మంది మీద చేసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. ఎనిమిది వారాల పాటు నొప్పికి మెట్టు మెట్టుగా వైద్యం చేస్తే ఆ అలజడి సగటున 17 శాతం తగ్గింది. వాళ్లలో ఎక్కువమందికి ఇచ్చింది పారాసెటమాల్. చాలా చిన్న మందు. కాబట్టి "నొప్పికి కొన్నాళ్లు క్రమం తప్పకుండా మందు ఇచ్చి చూద్దామా" అని డాక్టర్‌ని మీరే అడగండి. ఎంత ఇవ్వాలన్నది ఆయన కాలేయం, బరువు చూసి డాక్టర్ చెప్పాలి.

మందుల సంచీ మొత్తం డాక్టర్ ముందు పోయండి. జలుబుకి, నిద్రకి వాడే డైఫెన్‌హైడ్రమిన్ లాంటివి, మూత్రం ఆపుకోలేకపోతున్నారని ఇచ్చే ఆక్సీబ్యుటినిన్ లాంటివి ఈ జబ్బులో అయోమయాన్ని పెంచుతాయి. మతిమరుపుకే ఇచ్చే డొనెపెజిల్ కొంతమందిలో నిద్ర చెడగొట్టి అలజడి తెస్తుంది. ఫిట్స్‌కి ఇచ్చే లెవెటిరాసిటమ్ చిరాకు, కోపం తెప్పించగలదు. ఏదీ మీ అంతట మీరు ఆపొద్దు. "ఈ మూడు వారాలకి ముందు ఏ మందు మారింది" అన్న ప్రశ్న మాత్రం తప్పకుండా వేయండి.

ఇప్పుడు ఆ కాగితం సంగతి. "కోపం ఎక్కువ, కొడతారు" అని రాస్తే ఏ హోమ్ వాళ్లయినా భయపడతారు. నేను కూడా భయపడేదాన్ని. అదే ఇలా రాసుంటే: "పొద్దున లేచిన గంటలోపు ప్యాంటు కిందికి లాగితే కుడిచేత్తో కొడతారు. కూర్చోబెట్టి ఒడిలో తువ్వాలు కప్పి చేస్తే పది సార్లలో రెండు మూడు సార్లే. తనంతట తాను లేచి వెళ్లి ఎవరినీ కొట్టలేదు." ఇది పూర్తిగా వేరే మనిషి గురించి చెబుతున్నట్టు ఉంటుంది. మొదటి వాక్యం చూసి కాదనేవాళ్లు దీన్ని చూసి పిలిచి మాట్లాడతారు. రెండు వారాల పాటు రాయండి. ఏ టైము, ఎవరు దగ్గరున్నారు, ఏం చేయబోయారు, కొట్టే ముందు ఏం కనిపించింది, ఎంతసేపు ఉంది, ఏం చేస్తే తగ్గింది. నిద్ర, తిండి, విరేచనం కూడా అదే కాగితంలో పక్కనే రాయండి. విరేచనం అవని మూడో రోజునే గొడవ వస్తోందని మీకే కనబడొచ్చు.

మీరు చెప్పినదాన్నిబట్టి నాన్నగారు కొడుతున్నది ఎక్కువగా ఒంటి పనుల దగ్గర. ఆయన వైపు నుంచి ఒకసారి చూడండి. ఎవరో తెలియని మనిషి ఎదురుగా నిలబడి బట్టలు లాగేస్తున్నారు. ఎందుకో ఆయనకి తెలియదు. అడగడానికి మాట లేదు. చల్లగా ఉంది, సిగ్గుగా ఉంది, ఎక్కడో నొప్పిగా ఉంది. చెయ్యి ఒక్కటే మిగిలింది. దీన్ని మా పనిలో దాడి అని రాయం, సంరక్షణకి ప్రతిఘటన అని రాస్తాం. ఈ తేడా మీ కాగితంలో స్పష్టంగా ఉండాలి. ఎందుకంటే దారిన పోయేవాళ్లని, తోటి రోగుల్ని వెతుక్కుంటూ వెళ్లి కొట్టే మనిషికి కావలసిన చోటు వేరు, ఒంటి మీద చెయ్యి వేస్తేనే కొట్టే మనిషికి కావలసిన చోటు వేరు. రెండోవారిని పెట్టుకోగల హోములు చాలా ఎక్కువ.

దీనికి చేయగలిగింది చాలా ఉంది, అందుకే ఇక్కడ కాస్త ఎక్కువ చెబుతున్నాను. వెనకనుంచి గానీ పక్కనుంచి గానీ హఠాత్తుగా ముట్టుకోవద్దు. జబ్బు ముదిరినకొద్దీ చూపు మేర సన్నబడుతుంది, పక్కన ఏముందో ఆయనకి తెలియదు. ఎదురుగా వచ్చి, ఆయన కళ్ల ఎత్తుకి దిగి, మొహం కనబడేలా నిలబడి, పేరు పెట్టో ఆయనకి అలవాటైన పిలుపుతోనో పలకరించాలి. ఒక్క మనిషే మాట్లాడాలి, పొట్టి మాటల్లో. రెండో మనిషి పని చేస్తున్నా మాట్లాడకూడదు. ఆయన చేతి కింద మీ చెయ్యి పెట్టి, ఆయనే తుడుచుకుంటున్నట్టు చేయిస్తే ప్రతిఘటన చాలా తగ్గుతుంది. ఆ చేతికి మడిచిన తువ్వాలు లాంటిది పట్టుకోవడానికి ఇచ్చినా ఉపయోగమే. ఒళ్లంతా ఒకేసారి బట్టలు తీయొద్దు. షవర్ కింద నిలబెట్టడం మానేసి, పెద్ద తువ్వాలుని గోరువెచ్చని నీళ్లలో, కడగక్కర్లేని సబ్బు ద్రావణంలో ముంచి పిండి, మంచం మీదే ఒళ్లంతా కప్పి, కొంచెం కొంచెంగా తుడిచే పద్ధతి ఒకటి ఉంది. 2004లో అమెరికా నర్సింగ్ హోముల్లో చేసిన ఒక పరీక్షలో ఈ తువ్వాలు స్నానంతో కొట్టడం లాంటి ఘటనలు 60 శాతం తగ్గాయి. షవర్‌నే మనిషికి తగ్గట్టు మార్చి చేయించినా 53 శాతం తగ్గాయి. రోజూ స్నానం చేయించి తీరాలన్న పట్టుదల కూడా వదిలేయండి. మర్మాంగాల దగ్గర శుభ్రంగా, పొడిగా ఉంటే మిగతా ఒళ్లు ఒకరోజు ఆగుతుంది.

సాయంత్రం నుంచి రాత్రి దాకా పెరుగుతోందంటే వెలుతురు చూడండి. చీకటి పడకముందే లైట్లు వేయండి, నీడలు తగ్గించండి, అద్దాల మీద గుడ్డ కప్పండి. అద్దంలో తన ముఖమే ఎవరో పరాయి మనిషిలా కనిపించి కొందరు హడలిపోతారు. పగలు ఎక్కువ నిద్రపోనివ్వకండి. టీవీ ఆపండి. కళ్లజోడు, చెవి మిషను ఉన్నాయా, మిషను బ్యాటరీ పనిచేస్తోందా చూడండి. చెవి మిషను బ్యాటరీ మార్చగానే సగం శాంతించినవాళ్లని నేను చూశాను.

మత్తు మందు తప్పా అని అడిగారు. తప్పొప్పుల మాట కంటే లాభనష్టాల లెక్క ముఖ్యం, ఆ లెక్క మీకు నిజాయితీగా చెబుతాను. రిస్పెరిడోన్, ఒలాంజపైన్, క్వెటియాపిన్ లాంటి యాంటీసైకోటిక్ (తీవ్రమైన మానసిక జబ్బులకి ఇచ్చే) మందుల మీద, డిమెన్షియా ఉన్న వృద్ధుల విషయంలో 2005లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అన్నిటికంటే తీవ్రమైన హెచ్చరిక పెట్టించింది. హాలోపెరిడాల్ లాంటి పాత మందులకి కూడా 2008లో దాన్ని వర్తింపజేసింది. దాదాపు పది వారాల పరీక్షల్లో మందు తీసుకున్నవాళ్లలో సుమారు 4.5 శాతం మంది, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో సుమారు 2.6 శాతం మంది చనిపోయారు. గుండె, న్యుమోనియా లాంటివి ఎక్కువగా కారణం. పక్షవాతం, పడిపోవడం, ఒళ్లు బిగుసుకుపోవడం వీటికి అదనం. ఇంత తెలిసి కూడా కొన్నిసార్లు ఈ మందులు వాడాల్సిన పరిస్థితి వస్తుంది. ఆయనకో, ఎదుటివాళ్లకో నిజంగా ప్రమాదం ఉండి, పైన చెప్పినవన్నీ చేసినా తగ్గకపోతే, తక్కువ మోతాదులో, గడువు పెట్టుకుని వాడటాన్ని నేను సమర్థిస్తాను. భయంతో రాత్రంతా అరిచే మనిషికి ఆ భయం తగ్గించడం కూడా సేవే. రిస్పెరిడోన్‌ని ఇలాంటి దాడి స్వభావానికి కొద్ది వారాల వరకే వాడొచ్చని కొన్ని దేశాల్లో అనుమతి ఉంది. ఆల్జీమర్స్‌లో అలజడికి అని ఎఫ్‌డీఏ అనుమతి పొందిన మొదటి మందు బ్రెక్స్‌పిప్రజోల్, అది 2023లో వచ్చింది. దాని మీద కూడా అదే హెచ్చరిక ఉంది.

మందు మొదలుపెట్టే రోజునే డాక్టర్‌ని అడగాల్సినవి మూడు. ఏ లక్షణం తగ్గాలని ఇస్తున్నారు, ఎన్ని వారాల్లో చూస్తాం, ఎప్పుడు తగ్గించి ఆపేస్తాం. సరైన మోతాదులో నాలుగు వారాలు వాడినా ఫలితం లేకపోతే నెమ్మదిగా ఆపేయాలని, ఫలితం ఉన్నా నాలుగు నెలల్లోపు తగ్గించే ప్రయత్నం చేయాలని అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 2016లో చెప్పింది. ఎవరూ తగ్గించాలని చూడకపోవడం వల్ల ఏళ్ల తరబడి అదే మందు మీద ఉండిపోయినవాళ్లని నేను చాలామందిని చూశాను. ఇంకో విషయం చాలా ముఖ్యం. నాన్నగారికి ముందునుంచీ లేని మనుషులు, జంతువులు స్పష్టంగా కనిపించడం, నడక బిగుసుకుపోవడం, నిద్రలో కేకలు వేసి చేతులు కాళ్లు విసరడం లాంటివి ఉంటే అది లూయీ బాడీ డిమెన్షియా అనే మరో రకం కావచ్చు. అలాంటివాళ్లకి హాలోపెరిడాల్ లాంటివి ప్రాణం మీదకి తేగలవు. అత్యవసర విభాగంలో రాత్రిపూట డ్యూటీలో ఉన్నవాళ్లకి ఈ సంగతి తెలియదు కదా, అనుమానం ఉంటే ఆ మాట ఫైలు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంచండి. లోరాజెపామ్, డయాజెపామ్ లాంటి నిద్ర మాత్రలు ఇంట్లో ఉన్నాయి కదా అని వేయకండి. కొంతమందిలో అవి అలజడిని ఇంకా పెంచుతాయి, తూలి పడిపోయి తుంటి విరగడానికి దారితీస్తాయి.

ఇక చోటు. మామూలు వృద్ధాశ్రమంలో మీరు చేర్చినది, అయిదారు రోజులకే వాళ్లు పంపేసినది ఆశ్చర్యం కాదు. తమ పనులు తాము చేసుకోగలిగే పెద్దవాళ్ల కోసం నడిచే చోటు అది. నాన్నగారికి ఇప్పుడు రెండు దశల్లో రెండు వేర్వేరు చోట్లు కావాలి అని నా అభిప్రాయం. మొదటిది ఆసుపత్రి. వృద్ధుల మానసిక వైద్య విభాగం ఉంటే అదే మంచిది, లేదంటే వృద్ధుల వైద్య విభాగం, న్యూరాలజీ, సైకియాట్రీ ఒకే చోట ఉన్న ఆసుపత్రి. అక్కడ కొన్నాళ్లు ఉంచి కారణం వెతికి, నొప్పి చూసి, మందులు సరిచేస్తారు. రెండోది, ఆ తర్వాత దీర్ఘకాలం ఉండే చోటు. డిమెన్షియా కోసమే ఉన్న హోమ్, లేదా రాత్రింబవళ్లు నర్సులుండే హోమ్. ఆసుపత్రిలో కుదుటపడ్డాక, ఏం చేస్తే శాంతిస్తున్నారో అక్కడి నర్సులు రాసిచ్చిన కాగితంతో వెళ్తే, ఫోన్‌లో కాదన్నవాళ్లే మళ్లీ ఆలోచిస్తారు. అందుకే ఆసుపత్రి నుంచి తొందరపడి ఇంటికి తెచ్చేయకండి. తర్వాత ఎక్కడికి అన్నది తేలకుండా డిశ్చార్జ్ అంటే "ఇంట్లో సురక్షితంగా చూసుకోలేం, అమ్మకి దెబ్బలు తగులుతున్నాయి" అని స్పష్టంగా చెప్పండి, ఫైలులో రాయమనండి. ఆసుపత్రిలో సోషల్ వర్కర్ ఉంటే మొదటి రోజే కలవండి. ఏ చోటు ఎలాంటివాళ్లని నిజంగా ఉంచుకుంటుందో డాక్టర్ల కంటే వాళ్లకే బాగా తెలుస్తుంది.

హోమ్ వాళ్లకి కొట్టే విషయం దాచకండి. మీరు మొదటిసారి దాచారని నేననడం లేదు, కానీ చాలా కుటుంబాలు దాస్తాయి, ఎందుకు దాస్తాయో కూడా నాకు తెలుసు. దాచి చేర్చితే మొదటి స్నానం రోజునే బయటపడుతుంది. అక్కడి ఆయా ఏ జాగ్రత్తా లేకుండా వెళ్లి దెబ్బ తింటుంది. ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటనీ వాళ్లు నమ్మరు. నాన్నగారికేమో రెండుసార్లు చోటు మారడం. ప్రతి మార్పుకీ ఆయన ఇంకా అయోమయంలో పడతారు.

చూడటానికి వెళ్లినప్పుడు గదులు, గోడల రంగులు చూసి నిర్ణయం తీసుకోకండి. సాయంత్రం వెళ్లండి, ఇబ్బందంతా అప్పుడే కనిపిస్తుంది. ఒక పెద్దాయన అరుస్తుంటే అక్కడివాళ్లు ఏం చేస్తున్నారో ఓ మూల కూర్చుని చూడండి. గట్టిగా గదమాయిస్తున్నారా, దగ్గరికెళ్లి కూర్చుంటున్నారా? కుర్చీలకీ మంచాలకీ కట్టే పట్టీలు కనిపిస్తున్నాయా? మధ్యాహ్నం పూట అందరూ నోరు తెరుచుకుని నిద్రలో ఉంటే అది ప్రశాంతత అనుకోకండి. ఇన్‌ఛార్జ్‌ని ఇలా అడగండి: "మా నాన్న ప్యాంటు మార్చబోతే కొడతారు. మీరేం చేస్తారు?" మంచి చోట వెంటనే మీకే ఎదురు ప్రశ్నలు వస్తాయి. ఆడవాళ్లు చేస్తే ఎక్కువ కొడతారా, మగవాళ్లు చేస్తేనా? నొప్పి చూపించారా? ఏ పని చేసేవారు, ఏమంటే ఇష్టం? "మా దగ్గర అందరూ దారికొస్తారు" అన్న జవాబు వస్తే నమస్కారం పెట్టి వచ్చేయండి.

రాత్రి ఎంతమందికి ఎంతమంది పనివాళ్లు, రాత్రి నర్సు ఉంటుందా, పనివాళ్లకి డిమెన్షియా శిక్షణ ఎవరిచ్చారు, డాక్టర్ ఎన్నాళ్లకోసారి వస్తారు, ఎప్పుడైనా కట్టేస్తారా, కట్టేస్తే ఎవరి అనుమతితో, మందు మారిస్తే మీకు ముందే చెబుతారా, ఇవి అడగాలి. ఎలాంటి పరిస్థితిలో పంపేస్తారు, ఎన్ని రోజుల ముందు చెబుతారు అన్నది ఒప్పందంలో రాతపూర్వకంగా ఉండాలి. లైసెన్సు ఉందో లేదో, తనిఖీ రిపోర్టులు దొరికే చోటైతే అవి ఏం చెబుతున్నాయో చూడండి. నాన్నగారి తరఫున సంతకం పెట్టే చట్టబద్ధమైన అధికారం ఎవరికుందో కూడా ఇప్పుడే తేల్చుకోండి. ఆయన నిర్ణయం చెప్పగలిగే దశ దాటిపోయారు. ఈ నియమాలు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి కాబట్టి లాయర్‌నో, ఆసుపత్రి సోషల్ వర్కర్‌నో అడిగి తెలుసుకోవాలి.

కొన్నాళ్లు ఇంట్లోనే మనిషిని పెట్టుకుని చూద్దామనుకుంటే, ఒకరితో సరిపోదు. ఒంటి పనులకి ఇద్దరు, రాత్రికి మేలుకుని ఉండే మనిషి కావాలి. ఈ ఖర్చు, అలసట తట్టుకోగలిగే ఇళ్లు తక్కువ. మీ ఇంట్లో పరిస్థితి చూస్తే నేను దీన్ని సిఫారసు చేయను.

హోమ్‌లో చేర్చడానికి అమ్మగారు ఒప్పుకోవడం లేదని ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అసలు అడ్డంకి అదేనేమో. "ఆయన మంచాన ఉంటే నేను బయటికి పంపేస్తానా" అనుకునే భార్యల్ని ఎంతోమందిని చూశాను. ఆవిడతో వాదించకండి. డాక్టర్ నోటితో చెప్పించండి, ఆవిడ దెబ్బల్ని డాక్టర్‌కి చూపించండి. ఇది ఆయన స్వభావం కాదని, జబ్బు మెదడులో భయాన్నీ కోపాన్నీ అదుపు చేసే భాగాల్ని పాడుచేసిందని ఆవిడ వినాలి. ఈ జబ్బుకి పేరు రావడానికి కారణమైన మొదటి రోగి ఆగస్ట డెటర్ 1901లో ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరినప్పుడు ఆవిడకి 51 ఏళ్లు. అకారణంగా భర్త మీద అనుమానం, అలజడి, అరుపులు ఆవిడ జబ్బులోనే ఉన్నాయి. వందేళ్ల కిందట అలోయిస్ ఆల్జీమర్ రాసుకున్న లక్షణాలే ఇప్పుడు మీ ఇంట్లో కనిపిస్తున్నాయి. హోమ్‌లో చేర్చితే ఆవిడ భార్యగా పక్కన కూర్చునే పని మిగులుతుంది, డైపర్ మార్చి దెబ్బలు తినే పని పోతుంది. ఇది ఆవిడతో నెమ్మదిగా, ఒకటికి పదిసార్లు చెప్పాలి.

చేర్చిన మొదటి నెల కష్టంగానే ఉంటుంది. కొత్త చోట కొట్టడం మొదట పెరగొచ్చు, అంతలోనే భయపడి వెనక్కి తెచ్చేయకండి. ఆయన గురించి ఒక పేజీ రాసివ్వండి. ఏ పని చేసేవారు, ఎప్పుడు లేచేవారు, ఏ పిలుపుకి పలుకుతారు, ఏది చూస్తే భయపడతారు, ఏ పాట వింటే మెత్తబడతారు. ఎప్పుడూ రాత్రి డ్యూటీలు చేసిన మనిషి రాత్రి తిరుగుతుంటే, అది తెలిసిన నర్సు ఆయన్ని బలవంతంగా పడుకోబెట్టదు. ఆయన ప్రశాంతంగా ఉండే వేళల్లో వెళ్లి చూడండి. అప్పుడప్పుడు చెప్పకుండా వెళ్లండి. ఒంటి మీద కారణం చెప్పలేని మచ్చలు, హఠాత్తుగా మగతగా మారిపోవడం, బరువు తగ్గడం కనిపిస్తే వెంటనే అడగండి, జవాబు రాతలో తీసుకోండి.

ఇంకొన్నాళ్లకి ఆయన నడక తగ్గుతుంది, చేతుల్లో బలం తగ్గుతుంది. మాట పూర్తిగా పోయి మంచానికి పరిమితమయ్యే దశలో కొట్టడం మామూలుగా తగ్గిపోతుంది. అప్పుడు మింగలేకపోవడం, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు, పుండ్లు ముందుకొస్తాయి. ఆ దశలో ప్రతి జ్వరానికీ ఆసుపత్రికి తీసుకెళ్లి గొట్టాలు వేయించాలా, అక్కడే నొప్పి లేకుండా చూసుకోవాలా అన్నది మీరూ అమ్మగారూ ఇప్పుడే మాట్లాడుకోవాలి. చివరిదాకా తమ దగ్గరే ఉంచుకుంటారా, నయం కాని జబ్బులో నొప్పి, బాధ తగ్గించే పాలియేటివ్ కేర్ డాక్టర్ అక్కడికి వస్తారా అని చేర్చుకునే రోజునే ఆ హోమ్ వాళ్లని అడిగి, వాళ్లు చెప్పింది రాయించుకోండి.